దొర్లించిన చేతులు

పాతకాలపు మిఠాయిని గాజు బీరువాలో పెట్టి మురిసిపోయే పెద్దమనుషులారా, దాన్ని చేసిన మనిషిని వీధిన పడేసింది మీరే. కంపెనీ ఒక్కటే కాదు, మీరు కూడా. చిన్నప్పటి తీపి అంటారు, ఊరి వారసత్వం అంటారు, దానికో సంఘం పెట్టి ఏటేటా సభలు చేసుకుంటారు. రేకు డబ్బా సొట్ట పోయిందా, కాగితం మీద రంగు వెలిసిందా అని భూతద్దం పెట్టి చూస్తారు. లోపలి కడ్డీని ఎవరు చేశారని మాత్రం అడగరు. అడగనివాళ్ళకి ఏదైనా అమ్మొచ్చని విగ్నల్ మిఠాయి కంపెనీ యజమాని రాడ్నీకి తెలుసు. తెలిసే ఆ పని చేశాడు. ఈస్టరుకి ముందు వారం, ఇంగ్లండులోని బ్లాక్‌పూల్లో, సముద్రానికి రెండు వీధుల వెనక.

ఆ సోమవారం పొద్దున మేవిస్ త్రెల్‌ఫాల్ అక్షరాలు పేరుస్తోంది.

రాక్ అని ఆ ఊరివాళ్ళు పిలిచేది బండని కాదు, చక్కెర కడ్డీని. పైన గులాబీ రంగు, లోపల తెలుపు, ఆ తెలుపులో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రటి అక్షరాల్లో ఊరి పేరు. ఎక్కడ విరిచినా పేరు కనపడాలి. సెలవులకి వచ్చిన ప్రతి పిల్లా దాన్ని చీకుతూ రైలెక్కుతుంది. పెద్దయ్యాక పళ్ళు లేకపోయినా కొంటుంది.

ఆ అక్షరాలని అచ్చు వెయ్యరు, కడతారు. వేడి పాకంలో కొంతభాగానికి ఎర్ర రంగు కలిపి, కొంతభాగాన్ని తెల్లబడేదాకా సాగలాగి, ఆ ఎర్రటి పట్టీలనీ తెల్లటి పట్టీలనీ పక్కపక్కన పేర్చి అక్షరం చేస్తారు. ఒక్కోటి బెత్తెడు ఎత్తు, చెయ్యంత పొడుగు. కోణాలున్న అక్షరాలు ముందు కట్టాలి. గుండ్రటివి ఆఖర్న. వెచ్చటి చక్కెర తన బరువుకి తనే కుంగిపోతుంది కాబట్టి, ముందే కడితే సున్నా కాస్తా కోడిగుడ్డవుతుంది. విగ్నల్ వర్క్స్‌లో ఆ బల్ల దగ్గర నిలబడ్డ మొదటి ఆడమనిషి మేవిస్. ఆ సంగతి ఎవరైనా మర్చిపోయారనిపిస్తే తనే గుర్తుచేస్తుంది, మొహమాటపడదు.

"మేవిస్, చెయ్యి ఖాళీ అయ్యాక ఇది ఓసారి చూడు," అన్నాడు రాడ్నీ విగ్నల్, వెనకనుంచి వచ్చి. నలభై దాటినా తాతగారి ఫోటో పక్కన నిలబడితే ఇంకా కుర్రాడిలాగే ఉంటాడు.

"నా చెయ్యి ఖాళీ అయితే నీ కంపెనీ మూసుకోవాలి రాడ్నీ బాబూ. అక్కడ పెట్టు. కళ్ళు ఖాళీగానే ఉన్నాయి."

రాడ్నీ బల్ల చివర ఒక రేకు డబ్బా పెట్టాడు. మీగడ రంగు, ఎర్రంచు. ఒక పక్క ఊళ్ళోని టవరు, రెండో పక్క మేవిస్ మొహం. ఎప్పుడో జుట్టు నల్లగా ఉన్నప్పటి ఫోటో నుంచి గీయించినట్టున్నారు. కింద బంగారు రంగులో రాసి ఉంది: మేవిస్ త్రెల్‌ఫాల్ స్వహస్తాలతో చేసిన రాక్.

"పరిమితంగా చేయిస్తున్నాం. ప్రతి డబ్బా మీదా నంబరుంటుంది. శనివారం పాత మిఠాయిల సంఘం వాళ్ళు ఇక్కడికే వస్తున్నారు. వాళ్ళ ముందు నువ్వు అక్షరాలు కడతావు, డబ్బాల మీద సంతకం చేస్తావు."

మేవిస్ ఎర్ర పట్టీ మీద తెల్ల పట్టీ వేసి అరచేత్తో నొక్కింది, మామూలుకన్నా కాస్త నెమ్మదిగా. డబ్బా వంక చూడకుండానే చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. మనసులో సంతోషం పట్టక ఆవిడకి చెవులే ఎర్రబడతాయి.

మధ్యాహ్నం టీ వేళకి డబ్బా చేతులు మారింది. కడ్డీలు కత్తిరించి కాగితం చుట్టే జీనెట్ దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పింది.

"మొహం బానే గీశాడు గానీ మేవిస్, ఈ గడ్డం ఎవరిది? నీకున్నవి రెండు కదా, ఇంకోటి ఎక్కడ పెట్టాడు?"

"లోపల పెట్టాడు. కొంటే కనపడుతుంది."

"రేపట్నుంచి మేం నీతో మాట్లాడాలంటే టికెట్ తీసుకోవాలా, లేకపోతే పాత పరిచయం మీద వదిలేస్తావా?"

"నీ నోటికి ముందు టికెట్ పెట్టాలే జీనెట్. ఊరు బాగుపడుతుంది."

బెర్నార్డ్ కార్డ్‌వెల్ చేతులు తుడుచుకుని డబ్బా అందుకున్నాడు. రాక్ దొర్లించడం అతని పని. ఆ ఫ్యాక్టరీలో అందరికన్నా పాత మనిషి, అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి. చదివాడు. తిరగేశాడు. గోటితో మీటి చూశాడు.

"రేకు పల్చగా ఉంది," అని తిరిగి ఇచ్చేశాడు.

"ముసలాయనకి కడుపుమంట," అంది జీనెట్.

మేవిస్ నవ్వింది. ఆ నవ్వు ఆమెకి సాయంత్రం దాకా ఉంది.

*

మంగళవారం కట్టిన చక్కెర మొద్దు పెద్దది. ఊరి పేరున్న అక్షరాలన్నీ వలయంలా పేర్చి, మధ్యలో తెల్లటి చక్కెర ముద్ద పెట్టి, పైన గులాబీ పొర కప్పాక అది మనిషి నడుమంత లావయింది. మేవిస్, బెర్నార్డ్, పాకం కాచే హారల్డ్ ముగ్గురూ కలిసి దాన్ని రోలర్లోకి ఎత్తారు. అది అందులో వెచ్చగా తిరుగుతూ ఒక కొసన సన్నబడుతుంది. ఆ కొసని పట్టుకుని లాగితే తాడులా వస్తుంది. నడుమంత లావు అక్షరం బొటనవేలంత తాడులోకి దిగుతుంది, దాని ఆకారం దానికి ఉండగానే. ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు కూడా ఆ మొదటి మూర వచ్చినప్పుడు మాట ఆపేస్తారు.

తాడు బల్ల మీద పడ్డ క్షణం నుంచి అది బెర్నార్డ్‌ది. రెండు అరచేతులూ దాని మీద ఆనించి ముందుకీ వెనక్కీ దొర్లిస్తాడు, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ. ఆగకూడదు. గట్టిపడకముందే ఆగితే అడుగు చదునైపోతుంది, గుండ్రటి కడ్డీ రొట్టెముక్కలా కూర్చుంటుంది, లోపలి అక్షరాలు నలిగిపోతాయి. తుమ్మొస్తే దొర్లిస్తూనే తుమ్ముతాడు. జీనెట్ అతని వెనకే వస్తూ, గట్టిపడ్డ కొస నుంచి కత్తెరతో కడ్డీలు కొడుతుంది. ఆ కత్తెర చప్పుడూ, ఆ అరచేతుల చప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన మీద చెయ్యి చూసి జాతకం చెప్పే ఆవిడ ఒకసారి బెర్నార్డ్ చెయ్యి చూసి డబ్బులు వెనక్కి ఇచ్చేసిందట. చదవడానికి గీతలేం మిగల్లేదని. ఈ కథ జీనెట్ చెబుతుంది. బెర్నార్డ్ అవుననడు, కాదనడు.

పని దిగాక రాడ్నీ బెర్నార్డ్‌నీ జీనెట్‌నీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఎంతోసేపు పట్టలేదు. జీనెట్ బయటికొచ్చి జుట్టు మీది జాలీ టోపీ లాగి, దాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"శుక్రవారం ఆఖరట."

"దేనికి ఆఖరు?" అంది మేవిస్.

"మాకు. దొర్లించే వాళ్ళూ, కత్తిరించే వాళ్ళూ అక్కర్లేదట. మర్యాదగానే చెప్పాడు. టీ కూడా ఇచ్చాడు." నవ్వబోయింది, రాలేదు. "చక్కెర వెయ్యడం మర్చిపోయాడు. మిఠాయి ఫ్యాక్టరీలో, చక్కెర."

మేవిస్ తలుపు తట్టకుండా లోపలికెళ్ళింది. రాడ్నీ లేచి నిలబడ్డాడు. ఆవిడ ముందు కూర్చోవడం అతనికి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

"నీకేం కాదు మేవిస్. నువ్వుంటావు."

"నేనుండి ఏం చెయ్యను? గాలికి అక్షరాలు కట్టనా?"

"చేత్తో చేసేది గిట్టుబాటు కావడం లేదు. నీకూ తెలుసు. దుకాణాలన్నీ బయటి సరుకే పెడుతున్నాయి. డబ్బాల్లోకి కడ్డీలు తెప్పించాను. నువ్వు సభల్లో, టీవీలో కడతావు, చూపిస్తావు. నీ పేరే మనకి ఆస్తి."

గుమ్మం పక్కనే మెట్ల కింద అట్టపెట్టెలున్నాయి, ఓడ ముద్రలతో. మేవిస్ ఒకటి చించి కడ్డీ తీసి మోకాలి మీద విరిచింది. లోపలి అక్షరాలు చూసింది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. వంకరగా ఉంటే బావుండు అనుకుంది. లేవు. శుభ్రంగా ఉన్నాయి. ఏ దేశంలోనో, ఏ బల్ల దగ్గరో, ఎవరో శ్రద్ధగా కట్టారు. ఊరి పేరు వాళ్ళ నోటికి తిరక్కపోయినా చేత్తో సరిగ్గా పలికారు. అదే ఆవిడకి ఎక్కువ కోపం తెప్పించింది.

"ఇది నేను చేసింది కాదు."

"నీ పద్ధతిలో చేసింది."

"పద్ధతి అమ్ముకుంటే పద్ధతి బొమ్మ వేసుకో. నా మొహం ఎందుకు?"

"జనం పద్ధతిని కొనరు. మొహాన్ని కొంటారు. శనివారం ఒక్కటీ చక్కగా జరిగిపోనీ. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

డబ్బాని రాడ్నీ మొహానే విసిరికొట్టి రావలసింది. కొట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళింది. టీవీ పక్కన పెట్టింది. పక్కింటావిడ వచ్చి చూసి, ఎంత గొప్ప సంగతి మేవిస్, అంటే అవునంది. ఒక మనిషి మంచిది అయినంత మాత్రాన పొగడ్త చేదుగా ఉండదు. ఇక్కడ ఎవరూ దేవతలు కారు.

*

గురువారం మధ్యాహ్నం సముద్రం గోడ మీద కూర్చుని మేవిస్, బెర్నార్డ్ ఇద్దరూ వెనిగర్ చల్లిన బంగాళాదుంప చిప్స్ తిన్నారు. గాలి కాగితాన్ని లాగేస్తోంది. బెర్నార్డ్ దాన్ని మోచేత్తో అదిమిపెట్టి ఒక్కోటీ తీసి తింటున్నాడు. కింద ఇసుక మీద పిల్లల్ని గాడిదలెక్కించి తిప్పేవాడు వాటి మెడకి గంటలు కడుతున్నాడు, ఈస్టరు జనం కోసం.

"శనివారం దొర్లించేది ఎవరు?" అన్నాడు బెర్నార్డ్.

"అక్కర్లేదంట. ఒక్క మూర లాగి చూపించి ఆపేస్తే చాలంట."

"మూర రాక్ అవదు."

"నాకు చెప్తావేం?"

"ఇంకెవరికి చెప్పను? డబ్బా మీద ఉన్నది నువ్వు."

మేవిస్ వెనిగర్ అంటిన వేళ్ళు కాగితానికి తుడుచుకుంది. "నీకు కోపంగా లేదా?"

"చేతులు ఖాళీగా ఉంటేనే వస్తుంది నాకు. సోమవారం నుంచి వస్తుంది. అప్పుడు చూసుకుంటా."

ఒక సముద్రపక్షి గోడ మీద వాలి చిప్స్ వంక కాకుండా మేవిస్ వంక చూసింది. ఆవిడ దాన్ని అదిలించింది, అవసరమైనదానికన్నా గట్టిగా.

"ఆ మొహం వెయ్యమని నేనడగలేదు బెర్నార్డ్."

"వద్దని కూడా అనలేదు. అనక్కర్లేదులే. నీ మొహం నీది, వేసుకో. నలభై ఏళ్ళు కట్టావు, వెయ్యాలి కూడా." అతను కాగితాన్ని ఉండ చేశాడు. రెండు అరచేతుల మధ్య దాన్ని దొర్లిస్తూ ఉండిపోయాడు, తెలీకుండానే. "కానీ స్వహస్తాలతో అని రాశారు చూడు కింద. ఆ హస్తాల్లో నావి కూడా ఉన్నాయమ్మాయ్. జీనెట్‌వి ఉన్నాయి. అవి నువ్వెప్పుడు కొనుక్కున్నావో నాకు గుర్తులేదు."

ఆ మాటలో కసి లేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టే అన్నాడు. లేచి, కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి, ట్రాము పట్టాలు దాటి పనికి వెళ్ళిపోయాడు. మేవిస్ అక్కడే కూర్చుంది. అంతవరకూ ఆవిడ కోపమంతా రాడ్నీ మీదే. ఇప్పుడది తన మీదికే తిరిగింది.

శుక్రవారం ఆవిడ ఒక పని చేయబోయింది. ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా పని చాలించి వెళ్ళేరోజు తోటివాళ్ళు ఊరి పేరుకి బదులు ఆ మనిషి పేరుతో ఒక చిన్న మొద్దు కడతారు. ఆ కడ్డీలని అందరూ పంచుకుంటారు. వెళ్ళే మనిషి ఒకటి దాచుకుంటాడు. అది ఇచ్చేదాకా వెళ్ళినట్టు లెక్క కాదు. మేవిస్ పొద్దున్నే వచ్చి బెర్నార్డ్ పేరులో మొదటి అక్షరం, ఇంగ్లీషు 'బి' కట్టింది. నిలువు పట్టీ పెట్టి, దాని మీద రెండు వంపులు వంచుతూ ఉండగా అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అదేంటి?"

"నీ రాక్. తర్వాత జీనెట్‌కి."

"వద్దు."

"ఆనవాయితీ కదా."

"వెళ్ళేవాడికి ఆనవాయితీ. నేను వెళ్ళట్లేదు, పంపిస్తున్నారు. అది వేరు." చెయ్యి చాచి, ఆ వెచ్చటి అక్షరాన్ని అరచేత్తో అదిమి ముద్ద చేసేశాడు. మెల్లగా, పిల్లల మొహం తుడిచినట్టు. "ఊరి పేరు కట్టు. పని చూద్దాం."

రోజంతా ఊరి పేరే కట్టారు. జీనెట్ పాత పాటలు పాడింది, తప్పుడు సొంత మాటలు కలిపి. హారల్డ్ కూడా నవ్వాడు. సాయంత్రం బెర్నార్డ్ బల్లని వేడినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వంగి వెలుగులో ఓరగా చూసి, మిగిలిన ఒక్క జిడ్డు చుక్క గోటితో తీసి వెళ్ళాడు. మేవిస్ ఆ బల్ల వంక చాలాసేపు చూసింది. అంత పెద్ద బల్ల.

*

శనివారం సంఘం వాళ్ళు వచ్చారు. మంచి కోట్లు, మెడలో బిళ్ళలు, చేతుల్లో తాళాలున్న పెట్టెలు. ప్యాకింగ్ గదిలో బల్లల మీద పెట్టెలు తెరిచారు. యుద్ధం అయిపోయాక చక్కెర రేషను ఎత్తేసిన ఏడాది చేసిన కడ్డీ, ఈ ఊరి దీపాల పండగ కడ్డీ, నలుపు తెలుపు టవరు బొమ్మ చుట్టిన కడ్డీ, మూతలు సొట్టపోని రేకు డబ్బాలు, ఇప్పుడు లేని కంపెనీల కాగితాలు. ఒకరి దగ్గర చక్కెరతో చేసిన పూర్తి పళ్ళసెట్టు ఉంది, చిగుళ్ళతో సహా. పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా ఒకరి పెట్టెలోకి ఒకరు తొంగిచూసుకుంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. ముచ్చట పడటంలో తప్పేం లేదు, అక్కడితో ఆగిపోవడమే తప్పు.

వాళ్ళ అధ్యక్షురాలు మిసెస్ ఓల్డ్‌రాయిడ్. పక్క జిల్లా యార్క్‌షర్ మనిషి, ఎత్తుగా, కర్రతో ఉంది. తన పెట్టెలోంచి ముఖమల్ గుడ్డ విప్పి ఒక కడ్డీ చూపించింది. "నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న ఇక్కడే కొన్నాడు. తినలేదు. తినకూడదని ఏడ్చాను."

"యార్క్‌షర్ వాళ్ళకి ఖర్చుపెట్టాలంటే ఏడుపే," అంది మేవిస్.

"మీ ల్యాంకషర్ వాళ్ళకి నోరు ముయ్యాలంటే ఏడుపు," అందావిడ వెంటనే. ఇద్దరూ ఒకర్నొకరు ఒప్పుకున్నట్టు తలలూపారు.

కొత్త డబ్బాలు ఒక పక్క గోడకట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఎన్ని మొహాలో. అన్నీ ఆవిడవే. కొనబోయేవాళ్ళు అప్పుడే ఒకటీ రెండూ చంకలో పెట్టుకున్నారు, మంచి నంబర్లు పోతాయని.

మేవిస్ తెల్లకోటు వేసుకుని అక్షరాలు కట్టింది. హారల్డ్ పాకం అందించాడు. ఎప్పుడూ కట్టనంత బాగా కట్టింది. కోణాలు ముందు, వంపులు తర్వాత. జనం ఊపిరి బిగబట్టారు. గులాబీ పొర కప్పి మొద్దుని రోలర్లోకి ఎత్తేటప్పుడు మూడో మనిషి లేక రాడ్నీయే ఒక చెయ్యి వేశాడు. సన్నబడిన కొసని మేవిస్ లాగింది. మొదటి మూర కత్తిరించి పైకెత్తి చూపించింది. లోపల ఊరి పేరు ఎర్రగా, ఒక్క గీతా తొణక్కుండా ఉంది. చప్పట్లు.

"చాలు మేవిస్," అన్నాడు రాడ్నీ చిరునవ్వుతో. "ఇక సంతకాలు."

మేవిస్ ఆగలేదు. మళ్ళీ లాగింది. తాడు బల్ల మీద పడింది. ఇంకా లాగింది. రెండో వరస, మూడో వరస. వెచ్చగా, గుండ్రంగా, మెరుస్తూ బల్ల నిండిపోయింది. అప్పుడు చేతులు తీసేసింది. కోటు జేబుల్లో పెట్టుకుని బల్లకి ఎదురుగా నిలబడింది.

కొంచెంసేపు ఏం కాలేదు. తర్వాత తాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టాయి. అడుగు పరుచుకుంది. పక్కలు జారాయి. ఒకటి పక్కదానికి అంటుకుంది. తన జీవితంలో మొట్టమొదటిసారి ఒక రాక్ తన కళ్ళ ముందు పాడవుతుంటే ఊరుకుంది. జేబుల్లో వేళ్ళు మాత్రం ఊరుకోలేదు, గుడ్డలో ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉన్నాయి.

"ఏమయింది?" అని గుసగుసగా అడిగాడు రాడ్నీ. "మేవిస్, చదునైపోతోంది."

"అవును."

అతను కోటు విప్పి చొక్కా చేతులు పైకి మడిచి ఒక తాడు మీద అరచేతులు వేశాడు. వేడికి వెనక్కి తీశాడు. మళ్ళీ వేశాడు. అది మధ్యలో మెలిపడి, చివర పాము తోకలా పైకి లేచింది. ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

మేవిస్ ఒక చదును ముక్క విరిచి మిసెస్ ఓల్డ్‌రాయిడ్ చేతిలో పెట్టింది. లోపల అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

"ఇదీ నా స్వహస్తాలతో చేసింది. అచ్చంగా నావే, ఇంకెవరి చెయ్యీ పడలేదు. నేనొక్కదాన్నే చేస్తే ఇలా వస్తుంది. డబ్బా మీద రాసిన మాట నిజమవ్వాలంటే ఇది పెట్టి అమ్మాలి."

మిసెస్ ఓల్డ్‌రాయిడ్ ఆ ముక్కనీ, ముఖమల్లో ఉన్న తన కడ్డీనీ పక్కపక్కన పట్టుకుంది. పాతది ఇప్పటికీ గుండ్రంగా ఉంది, కొలిచి గీసినట్టు.

"మరి దీన్ని గుండ్రంగా చేసిందెవరు?"

"నాకు తెలీదు. మన చిన్నప్పటి సంగతి అది. పేరు ఎవరూ రాసిపెట్టలేదు. నేను కట్టినవన్నీ దొర్లించింది బెర్నార్డ్ కార్డ్‌వెల్. కోసి చుట్టింది జీనెట్ ఫెల్. నిన్నటితో పంపించేశారు."

"మరి ఈ డబ్బాల్లో ఉన్నవి?"

"అవి ఓడలో వచ్చాయి. బాగా చేశారు, వంక పెట్టను. చేసినవాళ్ళకీ పేర్లుంటాయి, అవీ నాకు తెలీవు. వాళ్ళ పనిని నా మొహం వెనక దాచారు. వాళ్ళనీ దోచారు, మమ్మల్నీ దోచారు. నన్ను నా మొహమే చూపించి పిల్చారు, నేను వెళ్ళాను."

రోలర్ గిర్రున తిరుగుతూనే ఉంది. మిసెస్ ఓల్డ్‌రాయిడ్ తన ముందున్న కొత్త డబ్బాని తీసుకెళ్ళి గోడలో దాని చోట తిరిగి పెట్టింది. కర్ర మీద ఆని వెనక్కి తిరిగి తన వాళ్ళని చూసింది. ఒక బట్టతల ఆయన చంకలోంచి డబ్బా తీసి, ఒకసారి నంబరు చూసుకుని, నిట్టూర్చి పెట్టేశాడు. ఆయన వెనక ఇంకొకరు. పళ్ళసెట్టు ఆయన రెండు పెట్టేశాడు.

"మేం కొనేది ఎవరు చేశారో తెలిస్తేనే," అంది మిసెస్ ఓల్డ్‌రాయిడ్ రాడ్నీతో. "ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాం."

రాడ్నీ అరచేతులకి అంటుకున్న చక్కెర గీక్కుంటున్నాడు. ఎర్రగా కందాయి. మేవిస్‌కి జాలేసింది, కాని ఆ జాలికి లొంగలేదు. ఆవిడ ఇంత ఎత్తుగా ఎప్పుడూ నిలబడలేదు, బొమ్మలో కూడా.

"చూడు రాడ్నీ బాబూ. సగం మొద్దు ఇంకా రోలర్లో వెచ్చగానే ఉంది. బెర్నార్డ్ ఇల్లు మూడు వీధులవతల. జీనెట్ ఇల్లు ఇంకా దగ్గర. ఈ జనం ఎక్కడికీ పోరు, టీ పోయిస్తాను. ఫోను తియ్యి, ఇక్కడే, అందరి ముందూ. ముందు బెర్నార్డ్‌కి చెయ్యి. ఇవాళే కాదు, సోమవారం నుంచి కూడా పని ఉందని చెప్పు. తర్వాత జీనెట్‌కి చెప్పు. అది నాలుగు తిడుతుంది, పడు. ఈ డబ్బాలు వెనక్కి పంపి, దొర్లించిన వాళ్ళ పేరూ, కోసిన వాళ్ళ పేరూ, కాచిన వాళ్ళ పేరూ వేసి కొత్తవి చేయించు. ఓడలో వచ్చినవి అమ్ముకుంటావా, వాటిని చేసిన వాళ్ళ పేర్లు తెప్పించి వాటి మీద వేసి అమ్ము. అదంతా రేపు. ఇప్పుడు మాత్రం ఫోను. దయచేసి రండి అని అడుగు. దయచేసి అన్న మాట నాకు వినపడాలి."